దొంగల కోసం తాళం

ఫోల్కర్ట్ కట్టిన కట్టు ఊడగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎమ్డెన్ రేవులో ఓడ కడుపులోకి కొత్త కార్లు ఎక్కించి, నడిసముద్రంలో అవి ఒకదాన్నొకటి గీరుకోకుండా పట్టీలతో నేలకు బిగించే పనిలోనే అతని తల నెరిసింది. అందుకే, ఉద్యోగం మానేశాక కొన్న మోటార్‌హోమ్‌లో అతని మనసు దోచింది వంటగదీ కాదు, మెత్తటి పరుపూ కాదు. మంచం కింద, బండి వెనక భాగమంతా పరుచుకుని ఉన్న గ్యారేజీ. మిగతా మగాళ్ళు మజిలీలో పక్క బండివాళ్ళకి టీవీ గొడుగునీ, ఫ్రిజ్‌నీ చూపించి మురిసిపోతుంటే ఇతను గ్యారేజీ తలుపెత్తి పక్కన నిలబడేవాడు, అంతే. చూసేవాడు చూస్తాడు, చూడనివాడు పోతాడు అన్నట్టు.

లోపల రెండు సైకిళ్ళు. ఒకదాని తల అటు, ఒకదాని తల ఇటు. లోపలివైపు భార్య అల్ముట్‌ది, నీలం రంగుది, ముందు వెదురు బుట్టతో. బయటివైపు తనది, నల్లది. పొద్దున్నే బేకరీకి వెళ్ళి రొట్టెలు తేవలసినవాడు తనే కాబట్టి తన సైకిలే ముందు బయటికి రావాలి. రెంటికీ మధ్య పాత బొంత ముక్క. ముందు చక్రానికో పట్టీ, వెనక చక్రానికో పట్టీ, నడుముకి అడ్డంగా ఇంకో పట్టీ, అన్నీ నేలలో బిగించిన ఇనుప పట్టాలకి. కట్టడం అయ్యాక సీటు మీద అరచేత్తో ఒక్కటి చరిచేవాడు. ఏమాత్రం కదిలినా మొత్తం విప్పి మళ్ళీ మొదలు.

"బ్రెజిల్‌కి పంపిస్తున్నావా ఏంటి వాటిని? మనం పోయేది పక్క ఊరికి!" అని అల్ముట్ ఆటపట్టించేది.

"బ్రేకు పడ్డప్పుడు తెలుస్తుందిలే, పక్క ఊరో బ్రెజిలో."

"నేనూ వెనకే కూర్చుంటా. నన్నూ కట్టెయ్, నీకు నిశ్చింత."

"నువ్వు పట్టీలకి ఆగే రకమా!"

మొదటి ప్రయాణంలోనే ఒక అలవాటు పుట్టింది. ఎక్కడో గతుకులో బండి ఎగిరిపడితే, మంచం మీద కునుకు తీస్తున్న అల్ముట్ ఉలిక్కిపడి లేచి, "నా సైకిల్ ఉందా?" అని అరిచింది. స్టీరింగ్ పట్టుకున్న ఫోల్కర్ట్ వెనక్కి తిరక్కుండానే "ఉంది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటినుంచి బండి ఎక్కడ ఆగినా ఆమె దిగి గ్యారేజీ దగ్గరికి వచ్చి "ఉందా?" అనాలి, అతను తలుపెత్తి "ఉంది" అనాలి, ఆమె సీటు తట్టాలి. అది అయ్యాకే కాఫీ పెట్టుకునేవాళ్ళు. వినేవాళ్ళకి పిచ్చిలా ఉండేది. మొగుడూ పెళ్ళాల మధ్య ఇలాంటివి ఎవరికి ఉండవు గనక.

కొన్నేళ్ళుగా అల్ముట్ ఒక్కొక్కటే మరిచిపోతూ వచ్చింది. మొదట పొయ్యి మీద పెట్టిన పాలు. తర్వాత పక్కింటివాళ్ళ పేర్లు. తర్వాత చచ్చిపోయిన అక్క చచ్చిపోయిందన్న సంగతి. ఆ కబురు చెప్పిన ప్రతిసారీ ఆమె కొత్తగా ఏడుస్తుంటే, ఫోల్కర్ట్ చివరికి చెప్పడం మానేసి "అక్క ఊరెళ్ళింది" అనడం నేర్చుకున్నాడు. డాక్టరమ్మ మంచిదే, మెల్లగానే చెప్పింది. "ఒకరోజు మిమ్మల్ని కూడా గుర్తుపట్టకపోవచ్చు. మనసుని సిద్ధం చేసుకోండి." ఫోల్కర్ట్‌కి ఒళ్ళు మండిపోయింది. తుఫానొస్తుందంటే ఏం చెయ్యాలో అతనికి తెలుసు, పట్టీలు ఇంకో నొక్కు బిగిస్తాడు. దీనికి ఏం బిగించాలి?

అతను తనలో తాను ఒక లెక్క వేసుకున్నాడు. బండి ఆగినప్పుడల్లా అల్ముట్ వచ్చి "ఉందా?" అంటుంది కదా. తను "ఉంది" అనగానే కుదుటపడుతుంది కదా. అది జరుగుతున్నంత కాలం ఆ రోజు ఇంకా రానట్టే. వట్టి తెలివితక్కువ లెక్క. కానీ ముసలివాడు దాని మీదే బతుకుతున్నాడు, కాదనడానికి మనమెవరం?

అందుకే కూతురు వీబ్కె ఫోన్ చేసి, "నాన్నా, డాక్టరు తొక్కొద్దంది కదా, ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చేయ్" అన్నప్పుడల్లా మాట దాటేసేవాడు. నిజానికి ఒకసారి ప్రయత్నించాడు కూడా. దాన్ని ఇంటి అడుగున ఉన్న కొట్టుగదిలో పెట్టి దుప్పటి కప్పాడు. అల్ముట్ ఇల్లంతా గాలించి, అల్మారాలు గుమ్మరించి, వీధిలో తలుపు తలుపూ కొట్టి ఏడ్చింది. సాయంత్రానికి దుప్పటి తీసి సైకిల్ తెచ్చి గ్యారేజీలో కట్టేశాడు. ఆమె సీటు తట్టి, ఏమీ జరగనట్టు వంకాయరంగు స్వెట్టర్ వేసుకుని వంటింట్లోకి పోయింది.

సెప్టెంబరులో ఎల్బె నది గట్టుకి వచ్చారు. గట్టు మీది దారిలో కార్లు తిరగవు. గొర్రెలు, గాలి, అవతల మెల్లగా కదిలిపోయే ఓడలు, అంతే. ముందు అతను, వెనక ఆమె. వీధి పేరు గుర్తులేని మనిషికి తొక్కడం మాత్రం గుర్తుంది. కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గొర్రె అడ్డొస్తే గంట కొట్టి, "జరగవే దొరసానీ!" అని కసురుతోంది. వెనకనుంచి ఆ గంట వినబడినంతసేపూ ఫోల్కర్ట్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వారం అతను సుఖపడ్డాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాతి మజిలీలో ఒకరోజు పొద్దున, అతను రొట్టెలకి వెళ్ళొచ్చేసరికి గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉంది. పట్టీలు శుభ్రంగా విప్పి, చుట్టి, వరసగా పెట్టి ఉన్నాయి. ఆమె ఎప్పుడూ అలాగే చుట్టేది. సైకిలూ లేదు, ఆమే లేదు. పడవ రేవు దగ్గర దొరికింది. కార్లు పడవలోకి దిగే ఏటవాలు మీద, ముందు చక్రం నీళ్ళలో పెట్టి నిలబడి, అవతలి ఒడ్డుకేసి చూస్తోంది. "అక్క దగ్గరికి" అంది.

ఆ మధ్యాహ్నమే అతను ఊళ్ళో దుకాణంలో ఒక గొలుసు తాళం కొన్నాడు. లావుపాటిది, నల్లటి తొడుగుతో. ఆమెని బండిలో పెట్టి తలుపు తాళం వెయ్యొచ్చు, కానీ ఆ పని ఒకసారి చేశాడు. కిటికీ అద్దానికి అతుక్కుపోయిన ఆమె మొహం చూశాక మళ్ళీ చెయ్యనని ఒట్టేసుకున్నాడు. మనిషికి వెయ్యలేని తాళం సైకిలుకి వేశాడు. అతను కట్టినవాటికి ఏనాడూ తాళం అవసరం పడలేదు. చేతులకి అది కొత్త పని. గొలుసుని నీలం సైకిల్ నడుముకి చుట్టి, నేల పట్టాకి వేసి, తాళంచెవి దారానికి గుచ్చి మెడలో వేసుకున్నాడు.

అల్ముట్ పక్కనే నిలబడి చూస్తోంది. "అదెందుకు?"

నిజం ఎలా చెప్తాడు? "దొంగల కోసం" అన్నాడు.

"ఇక్కడ దొంగలున్నారా?"

"ఉన్నారు. సైకిళ్ళెత్తుకుపోయేవాళ్ళు. జాగ్రత్తగా ఉండాలి మనం."

"అయ్యో!" ఆమె అటూ ఇటూ చూసింది, పొదల కేసి, గట్టు కేసి. "ఎలా ఉంటారు వాళ్ళు?"

"మామూలుగానే ఉంటారు. మనలాగే."

"ముసలాళ్ళు కూడానా?"

"ఎవరైనా కావచ్చే తల్లీ. పద, చలేస్తోంది."

ఆమె వెళ్ళబోతూ ఆగి, "ఉందా?" అంది. అతను "ఉంది" అన్నాడు. ఆమె సీటు తట్టింది. ఆ సాయంత్రం ప్లమ్ పళ్ళ కేకు కోసుకుని తిన్నారు. ఆమె కిటికీలోంచి గట్టుకేసి చూస్తూ రెండుమూడు సార్లు "దొంగలు" అని గొణుక్కుంది. అతను పట్టించుకోలేదు. తాళం పడింది కదా అన్న ధీమాలో ఉన్నాడు.

మర్నాడు పొద్దున తన సైకిల్ తీసుకుని బేకరీకి వెళ్ళాడు. గ్యారేజీ తలుపు దించాడు గానీ తాళం వెయ్యలేదు. లోపల గొలుసుంది కదా. ఆ ఊళ్ళో కిస్మిస్ వేసిన రొట్టెలు చేస్తారు, అవంటే అల్ముట్‌కి ప్రాణం. వేడివేడిగా సంచీ చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి, ఆమె చలికోటు వేసుకుని గ్యారేజీ ముందు మోకాళ్ళ మీద ఉంది. పట్టీలన్నీ విప్పేసింది. గొలుసుని రెండు చేతులా గుంజుతోంది. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి.

"అల్ముట్! చేతులు కోసుకుంటావే, ఆగు. నేను తీస్తా."

సైకిల్ కింద పడేసి, గబగబా వచ్చి, చొక్కాలోంచి తాళంచెవి పైకి లాగాడు.

ఆమె ఆ తాళంచెవిని చూసింది. అతని మొహం చూసింది. మళ్ళీ తాళంచెవిని చూసింది. ఆ చూపు అతనికి జన్మలో తెలియని చూపు.

"నువ్వా!" అంది. "నా సైకిల్‌కి గొలుసేసింది నువ్వా?"

"నేనే. నిన్న చెప్పాగా..."

"దొంగ!" ఆమె లేచి గట్టిగా అరిచింది. "దొంగ! నా సైకిల్ ఎత్తుకుపోతున్నాడు! ఎవరైనా రండి!"

పక్క బండి తలుపు తెరుచుకుంది. తెల్లవారుజామునే వచ్చి ఆగిన బండి అది. దాంట్లోంచి కునో అనే లావుపాటి పెద్దమనిషి కాఫీ కప్పుతో దిగాడు. ఈ దంపతుల్ని అతను ముందు చూడలేదు. చూసిందల్లా అరుస్తున్న ఆడమనిషినీ, గొలుసు పక్కన తాళంచెవితో నిలబడ్డ మగాణ్ణీ.

"ఏంటయ్యా పెద్దాయనా, ఏం జరుగుతోంది?"

"ఏం లేదండీ. మా ఆవిడ."

"నేను ఇతని ఆవిడనా! సిగ్గులేదూ?" అల్ముట్ కునో వెనక్కి వెళ్ళి నిలబడింది. "మా ఆయన రొట్టెలకి వెళ్ళాడు. ఆయన లేని సమయం చూసి వచ్చాడు వీడు. నిన్న చెప్పాడు మా ఆయన, ఇక్కడ దొంగలున్నారని. మామూలుగానే ఉంటారనీ చెప్పాడు."

రొట్టెల సంచీ ఫోల్కర్ట్ చంకలో ఇంకా వేడిగానే ఉంది. అతను దాన్ని ఆమె కేసి చాచాడు. "ఇవిగో. కిస్మిస్‌వి. నేనే తెచ్చా."

"మా ఆయన దగ్గర రొట్టెలు కూడా లాక్కున్నాడు!" అంది అల్ముట్.

కునోకి ఫోన్ చెయ్యడానికి ఇంకేం కావాలి? కాసేపటికి ఒక పోలీసమ్మాయి వచ్చింది, జుట్టు గట్టిగా ముడేసుకుని, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. ఇద్దరి మాటా వింటానంది. ఫోల్కర్ట్ ఆమెని పక్కకి పిలిచి చెప్పబోయాడు. అతను గొంతు తగ్గించగానే అల్ముట్ "చూడు, గుసగుసలాడుతున్నాడు!" అని గగ్గోలు పెట్టింది.

"అమ్మా, సైకిల్ మీదేనని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది పోలీసమ్మాయి.

అల్ముట్ మొహం వెలిగింది. ఎన్నో పోయిన ఆ బుర్రలో ఇది మాత్రం మిగిలింది. "గుర్తుంది! సీటు కింద ఇనుము మీద చెక్కించాం. మిషనుతో. వానపడుతోంది ఆరోజు. చూసుకో!"

ఫోల్కర్ట్ కళ్ళు మూసుకున్నాడు. ఆ వాన అతనికీ గుర్తుంది. ఎమ్డెన్‌లో వసంతకాలపు సంతలో సైకిళ్ళ మీద యజమాని గుర్తు చెక్కుతున్నారు, పోతే పోలీసులు పట్టుకోవడానికి. గుర్తింపు కార్డు ఉంటేనే చెక్కుతారు. అల్ముట్ కార్డు ఇంట్లో మరిచి వచ్చింది. "రెండూ నీ పేరునే కొట్టించెయ్" అంది నవ్వుతూ. "ఎవడైనా ఎత్తుకుపోతే పరిగెత్తేది ఎలాగూ నువ్వేగా!" అతను రెండూ తన పేరునే కొట్టించాడు.

పోలీసమ్మాయి వంగి, గుర్తు చదివి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడింది. ఫోల్కర్ట్ కార్డు అడిగి తీసుకుని చూసింది. చుట్టూ చేరిన నలుగురి ముందూ పద్ధతి ప్రకారం చెప్పాలనుకుంది కాబోలు, స్పష్టంగా చెప్పింది. "అమ్మా, ఈ సైకిల్ ఈయనదే. ఈయన పేరే ఉంది."

అల్ముట్ అరుస్తుందనుకున్నాడు ఫోల్కర్ట్, అరిచినా బాగుండేది. ఆమె సైకిల్ కేసి చూసి, తన చేతుల కేసి చూసుకుంది. "నాది కాదా?" అంది చిన్న గొంతుతో. "మరి నాదేది?"

ఆ మాటకి ఫోల్కర్ట్ మెడలోంచి దారం తీశాడు.

"కాదమ్మా. అబద్ధం," అన్నాడు పోలీసమ్మాయితో. "సైకిల్ ఆవిడదే. నేనే తీశాను. నేను దొంగని."

"ఏంటండీ మీరు..." అంటూనే ఆ అమ్మాయి ఆగింది. అతను జేబులోంచి అల్ముట్ కార్డు కూడా తీసి, ఆమెకి కనబడకుండా ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. అదే ఇంటిపేరు, అదే వీధి. అమ్మాయి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. చెవులదాకా ఎర్రబడిపోయింది.

"తప్పు ఒప్పుకున్నాడు," అంది చివరికి, అల్ముట్ వైపు తిరిగి. "సైకిల్ మీదే అమ్మా. ఇదిగో తాళంచెవి."

అల్ముట్ దారం మెడలో వేసుకుంది. "మంచిదానివమ్మా" అంది ఆమెతో. ఫోల్కర్ట్ కేసి అసహ్యంగా చూసి, "ఈ వయసులో!" అంది. గ్యారేజీ గడప మీద, సైకిల్‌ని ఆనుకుని కూర్చుంది. "మా ఆయన వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

కునో తన మడత కుర్చీ తెచ్చి ఫోల్కర్ట్‌కి వేశాడు. "నేనేమనుకున్నానంటే..." అని నసిగాడు. "మీరేమనుకోవాలో అదే అనుకున్నారు" అన్నాడు ఫోల్కర్ట్. దూరంగా, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. ఇంతకు ముందోసారి ఇంట్లో ఆమె ఒక్క క్షణం తడబడి "ఎవరు మీరు?" అని అడిగి, కూర మాడిన వాసన రాగానే మళ్ళీ తనంతట తనే మామూలైంది. అలాగే అవుతుందని ఎదురుచూశాడు. రొట్టెలు చల్లారాయి. కునో పెళ్ళాం ఆ సంచీ తీసుకెళ్ళి ఇస్తే అల్ముట్ ఒకటి తిని, మిగతావి సైకిల్ బుట్టలో పెట్టి, "మా ఆయనకి" అంది. అతను కుర్చీలోంచి లేచి ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, తాళంచెవిని పిడికిట్లో బిగించేది.

మధ్యాహ్నం దాటాక, తండ్రి ఫోన్ అందుకుని వీబ్కె బ్రేమెన్ నుంచి కారులో వచ్చింది. తల్లి ఆమెని చూడగానే "వచ్చావా చిన్నీ!" అని చేతులు చాచింది. కూతురు గుర్తుంది. ఫోల్కర్ట్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"మీ నాన్న ఇంకా రాలేదే. ఆ దొంగ మాత్రం అక్కడే తిష్ఠ వేసుకు కూర్చున్నాడు, చూడు."

వీబ్కె తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది. ఎన్నిసార్లు చెప్పానో అని అనలేదు, అదీ నయమే. "నాన్నా, మీ బండి నేను నడుపుతా. నువ్వు నా కారు తీసుకుని వెనక రా. నిన్ను చూస్తే అమ్మ బండెక్కేలా లేదు."

"సైకిళ్ళు కట్టాలి."

"నిన్ను ముట్టనిస్తుందా?"

ముట్టనివ్వలేదు. వీబ్కెకి కట్టడం రాదు. కునో కట్టాడు. పాపం మంచి మనసుతోనే కట్టాడు. బొంత ముక్క మధ్యలో పెట్టడం మరిచిపోయాడు. చక్రాల సంగతే ఎత్తలేదు. రెంటికీ కలిపి సీట్ల మీదుగా ఒకే పట్టీ వేసి, చేతికందినంత బిగించి, "సిద్ధం" అన్నాడు. ఓడ కడుపులో అలాంటి కట్టు ఎవడైనా కట్టి ఉంటే ఫోల్కర్ట్ వాడి చెవి పట్టుకుని బయటికి లాగి ఉండేవాడు. మొదటి మలుపులోనే పడిపోతాయి. నీలం దాని మీద నల్లది పడుతుంది.

"వెనక చక్రానికి కూడా ఒక పట్టీ..." అన్నాడు ఉండబట్టలేక.

"నోర్మూసుకో నువ్వు!" అంది అల్ముట్. "నా సైకిల్ సంగతి నీకెందుకు?"

అతను కారెక్కాడు.

దారంతా ముందు తన బండి, వెనక తను. మలుపు వచ్చినప్పుడల్లా బండి ఒరగడం చూస్తూ, లోపల ఇనుము ఇనుముకి తగిలే చప్పుడు ఊహించుకున్నాడు. బుట్ట నలిగి ఉంటుంది. రొట్టెలు దొర్లి ఉంటాయి. ఆ రొట్టెలు తనకోసం దాచినవే.

పెట్రోలు బంకులో వీబ్కె బండి ఆపింది. ఫోల్కర్ట్ అవతలివైపు కారు నిలిపి, దిగకుండా కూర్చున్నాడు. అల్ముట్ దిగి నేరుగా గ్యారేజీ దగ్గరికి నడిచింది. నడుస్తూ ఒకసారి కారు కేసి చూసింది. ఆమె చెయ్యి మెడలో తాళంచెవి మీదికి పోయింది. మొహం తిప్పుకుంది.

వీబ్కె తలుపెత్తింది. రెండు సైకిళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అల్ముట్ వాటి ముందు నిలబడి, ఎవరి వంకా చూడకుండా, పెదవులు కదిపింది. అంత దూరం నుంచి వినబడదు. వినబడక్కర్లేదు కూడా.

వీబ్కెకి ఆ అలవాటు తెలియదు. "ఏంటమ్మా?" అన్నట్టు తల వంచింది. అల్ముట్ జవాబు కోసం చూస్తూ అలాగే నిలబడి ఉంది. సీటు తట్టలేదు. మళ్ళీ అడిగింది.

కారులో, మూసిన అద్దాల వెనక, ఫోల్కర్ట్ "ఉంది" అన్నాడు.